పండగ లేని ఇంటికి పండగనాడు వెళ్లండి

సంపాదకులకు,

అయ్యా,

ధనుర్మాసం వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో ముగ్గుల పోటీలు, అరిసెల కొలతలు, ప్రత్యేక బస్సుల వివరాలు వరసగా వస్తాయి. వాటి పక్కన ఒక మూల ఈ ఉత్తరానికి చోటివ్వమని మా మనవి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భర్తనో భార్యనో ఈ ఏడు పోగొట్టుకున్న ఇల్లు ఏ వీధిలోనైనా ఒకటి కనిపిస్తుంది. సంక్రాంతి నాలుగు రోజులూ ఆ గడప ముందు ముగ్గుండదు, తోరణముండదు. "పాపం, వాళ్లకీ ఏడు పండగ లేదు" అనుకుని వీధిలోవాళ్లు తలొంచుకుని దాటిపోతారు. మేం రాసేది ఆ దాటిపోవడం గురించే.

ఏడాదిపాటు పండగ ఆపడం మూఢాచారమని మేమనం. నిజానికి అదొక మంచి సెలవు. కొత్తబట్టలు కట్టక్కర్లేదు, నలుగురిలో నవ్వక్కర్లేదు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టక్కర్లేదు, ఎందుకు చెయ్యలేదని ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అయితే ఈ ఆచారానికి ఇంకో సగం ఉండేది. వాళ్లింట్లో మూకుడు పెట్టరు కాబట్టి ఇరుగుపొరుగూ అయినవాళ్లూ తమ ఇంట్లో వండినవి తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు. అరిసెల గిన్నె పట్టుకెళ్లిన మనిషి దాన్ని గుమ్మంలో పెట్టి తిరిగి రాదు కదా, కాసేపు కూర్చుంటుంది, పోయిన మనిషి మాట వస్తుంది, ఇద్దరూ కళ్లొత్తుకుంటారు. ఇప్పుడు పండగ ఆపడం మిగిలింది, గిన్నె రావడం ఆగిపోయింది. ఏమన్నా అంటే "వాళ్లు ఏమనుకుంటారో" అంటారు. ఏమీ అనుకోరు, వెళ్లండి.

అరిసెల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కిలో బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. ముప్పావు కిలో బెల్లం గ్లాసు నీళ్లతో కాచి, చుక్క నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టే పాకం వచ్చిందో లేదో దించెయ్యాలి. అక్కణ్ణుంచి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఆలస్యమైతే పాకం ముదిరి అరిసె రాయవుతుంది, లేతలోనే దించితే నూనెలో విచ్చిపోతుంది. ముప్పై నలభై ఏళ్లు తెడ్డు పట్టిన చెయ్యి లేకుండా పోతే, దండేసిన ఫొటో ముందు ఆగిన ఏడుపు ఆ పాకం దగ్గర బయటికొస్తుంది. ఏడాది దాటాక మళ్లీ వంట మొదలుపెట్టేవాళ్లు అరకిలోకు మించి పెట్టుకోవద్దు. తెడ్డు పట్టే మనిషిని ముందు రోజే పిలుచుకోవాలి. ఎవరూ దొరక్కపోతే ఆ ఏటికి కొనుక్కోండి, తప్పేమీ లేదు.

పండగలో బరువైన గంటలు ఏవో బయటివాళ్లకు తెలియదు. భోగిమంట చుట్టూ జనం ఉన్నంతసేపూ ఎట్లాగో గడిచిపోతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. మెలకువ వస్తుంది, పక్కన మనిషి ఉండదు, లేచి చెయ్యాల్సిన పనీ ఉండదు. ఆ గంటకు ఏదో ఒక చిన్న పని కట్టుకోవాలి. వాకిలి చిమ్మి నీళ్లు చల్లడానికి ఏ ఆచారమూ అడ్డు రాదు. ఎదురింటావిడ ముగ్గు వేస్తుంటే గిన్నె పట్టుకుని పక్కన నిలబడటానికీ అడ్డు రాదు. ఆ తర్వాత కష్టమైనది మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ నడుం వాల్చిన సమయం.

వీటన్నిటికన్నా కష్టమైన రోజు ముక్కనుమ. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన పిల్లలు కనుమ మాంసం భోజనం కాగానే సంచులు సర్దుకుంటారు. అందరూ ఆ రాత్రే సింహపురి ఎక్స్‌ప్రెస్సో బస్సో ఎక్కేస్తే, తెల్లారేసరికి ఆ ఇంట్లో మడత పెట్టని దుప్పట్లూ ఒక్క మనిషీ మిగులుతారు. పండగకు అందరూ కలిసి రావడం ముఖ్యమనుకుంటారు గానీ, ఇట్లాంటి ఇంటికి అందరూ కలిసి పోకుండా ఉండటం ముఖ్యం. ఇద్దరు పిల్లలుంటే ఒకరు భోగికి రండి, ఒకరు కనుమనాడు వచ్చి మరో మూడు రోజులు ఉండండి. ఒక్కరే బిడ్డయితే, వెళ్లే రోజు రాత్రికి తోడు పడుకోవడానికి చెల్లెలినో మేనకోడలినో ముందే అడిగిపెట్టండి.

సంక్రాంతి పెద్దల పండగ కూడా. పోయినవాళ్లకు కొత్తబట్టలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి, ఆకు వేసి దణ్ణం పెట్టుకుంటారు. మొదటి ఏడే పెట్టాలా, సంవత్సరీకం అయ్యాక పెట్టాలా అన్నది ఇంటినిబట్టి, కులాన్నిబట్టి మారుతుంది. ఏదైనా పరవాలేదు, నెల ముందు తేల్చుకుంటే చాలు. పండగ పొద్దున పీట ముందు పెదనాన్న ఒకటి, పురోహితుడు ఒకటి చెప్పి వాదించుకుంటుంటే, నాలుగు మూలలా పసుపు పెట్టిన కొత్త పంచె ఆమె చేతిలో అట్లాగే ఉండిపోతుంది. ఆ పంచెను తర్వాత ఎవరు కట్టుకుంటారో కూడా అప్పుడే అనుకోండి. బీరువాలో దాస్తే ప్రతి పండక్కీ బయటికొచ్చి కూర్చుంటుంది. కొడుకో అల్లుడో ఆ పూటే కట్టుకోవడం మేలు.

ఇక దేవుడి సంగతి. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో మొక్కు లేకుండా ఉండదు. తిరుమలలో తలనీలాలిస్తామని ఒకరు, శనివారం మాలకొండ ఎక్కుతామని ఒకరు, జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేస్తామని ఒకరు మొక్కుతారు. నెల్లూరు రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టినవాళ్లలో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు. ఇన్ని చేసినా మనిషి దక్కలేదు. పసుపుగుడ్డలో నూటపదహార్లు కట్టిన ముడుపు మాత్రం దేవుడి గూట్లో అట్లాగే ఉంది. ముట్టుకోవాలంటే భయం, తీసెయ్యాలంటే భయం. పండక్కి గూడు కడిగేటప్పుడు దాని చుట్టూ తుడిచి దాన్ని వదిలేస్తారు. ఇంతలో ఎవరో పెద్దావిడ వచ్చి "మొక్కు తీర్చడం ఆలస్యం చేశారు, అందుకే" అంటుంది. అన్న మనిషి ఇంటికి పోయి హాయిగా పడుకుంటుంది. విన్న మనిషికి ఏళ్ల తరబడి నిద్ర ఉండదు.

"నయమైతే ఇచ్చుకుంటాం" అని కట్టిన ముడుపు అది. నయం కాలేదు కాబట్టి బాకీ కూడా లేదని మా లెక్క. లెక్క సరిపోయినా మనసు ఒప్పుకోదు, అది కూడా తెలుసు. అందుకని సంవత్సరీకం అయ్యాక ఆ మూట విప్పకుండా తీసుకెళ్లి హుండీలో వెయ్యండి. ఆమె పోలేకపోతే కొడుకు వెయ్యొచ్చు, మరిది వెయ్యొచ్చు, కొండకు పోతున్న పక్కింటివాళ్ల చేతికిచ్చినా సరిపోతుంది. గూడు ఖాళీ అయితే అక్కడ దీపం పెట్టడానికి చెయ్యి వస్తుంది. దీపమంటే గుర్తొచ్చింది. మైల తీరాక ఇంట్లో రోజూ దీపం పెట్టుకోవచ్చనే పురోహితులు చెబుతారు. ఏడాదిపాటు ఆపేది పండగలూ వ్రతాలూ కొండలెక్కడమూ. తెలియక చాలా ఇళ్లల్లో పూజగది తలుపే ఏడాది మూసేస్తున్నారు. తియ్యాలనిపించిన వాళ్లను తియ్యనివ్వండి. తియ్యబుద్ధి కావడం లేదన్నవాళ్లను బలవంతపెట్టొద్దు.

కొందరు దేవుడి మీద అలుగుతారు. పేరెత్తితే చాలు, మొహం తిప్పుకుంటారు. వాళ్లకు భక్తి పోయిందని బెంగపడాల్సిన పని లేదు. పెన్న ఒడ్డున మన నెల్లూరులో కూర్చుని తిక్కన తెనిగించిన భారతంలో స్త్రీపర్వమంతా భర్తలు పోయిన ఆడవాళ్ల ఏడుపే. గాంధారి ఆ యుద్ధభూమిలో సాక్షాత్తూ కృష్ణుణ్ణే నిలబెట్టి శపించింది, కృష్ణుడు ఆ శాపాన్ని ఒప్పుకున్నాడు. సీత కనిపించక రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతూ ఏడ్చాడు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మహమ్మద్ ప్రవక్త భార్య ఖదీజా చనిపోయిన ఏడాదికి ఇస్లాం చరిత్రలో దుఃఖ సంవత్సరమని పేరే పెట్టారు. ఇన్ని ఉండగా "ఏడవకమ్మా, ఆయన ఆత్మ శాంతించదు" అనే మాట ఎక్కడినుంచి పట్టుకొస్తారో మాకర్థం కాదు.

పసుపుకుంకుమల దగ్గర జరిగేది మరీ అన్యాయం. పేరంటానికి పిలవకపోవడం ఒకెత్తు. పిలిచి, పళ్లెం పట్టుకుని వరసగా వస్తూ ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగి పక్కామెకు జరిగిపోవడం ఇంకొకెత్తు. ఆ క్షణం ఆమెకు జన్మంతా గుర్తుంటుంది. చెయ్యాల్సింది చాలా తేలిక. కూర్చున్న వరసలోనే పోండి, పళ్లెం అందరి ముందూ ఒకే ఎత్తులో పట్టండి, "పెట్టమంటావా" అని అడగకండి. ఆమె కుంకుమ తీసుకుంటే తీసుకుంటుంది, గంధమో పువ్వో తీసుకుంటే తీసుకుంటుంది, వద్దని తలూపితే నవ్వి ముందుకు పోండి. తాంబూలం మాత్రం అందరికీ ఒక్కటే, అవే ఆకులు, అవే వక్కలు, అవే పళ్లు. మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022 మేలో గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం మా ఊళ్లో ఇక వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో అక్కడి ప్రభుత్వం మిగతా ఊళ్లనూ ఆ దారిలో నడవమంది. 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన నేల మనది. మన గ్రామసభలు ఆ పాటి కాగితం రాసుకోలేవా?

క్రైస్తవ ఇళ్లల్లో డిసెంబరు ఇంకో రకంగా కష్టం. ఒంగోలులో, నెల్లూరులో సెమీ క్రిస్మస్‌లు మొదలైనప్పటినుంచీ డిసెంబరు 31 రాత్రి ఆరాధన దాకా ఊపిరాడదు. క్యారల్స్ బృందం రాత్రి పదకొండింటికి డోలు, గిటారుతో ఆ ఇంటి ముందు దిగేముందు, పొద్దున ఒకరు వెళ్లి "ఎనిమిదిలోపు వచ్చి ఒక్క నెమ్మది పాట పాడి వెళ్లమంటారా, ఈ ఏడు మానెయ్యమంటారా" అని అడగాలి. సంఘంలో వాళ్లను దేవుడి మేళ్ల గురించి సాక్ష్యం చెప్పమని లేపొద్దు. పన్నెండు కొట్టగానే అందరూ తమ భార్యల వైపో భర్తల వైపో తిరిగి శుభాకాంక్షలు చెప్పుకుంటారే, ఆ నిమిషంలో ఆ మనిషి ఒక్కరే నిలబడిపోతారు. పక్కన ఎవరు కూర్చోవాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి, ద్వారం దగ్గరి బల్ల అయితే మరీ మంచిది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం చూపించి ఏడవకూడదనే పెద్దలు ఆ వాక్యం ఇంకోసారి చదవాలి. నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దని అందులో ఉంది, దుఃఖమే పడొద్దని లేదు.

ముస్లిం ఇళ్లల్లో భర్త పోయిన స్త్రీ పాటించే గడువు, ఇద్దత్, నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవం దాకా. ఆ లోపల రంజాన్ పండగ వస్తే ఆమె సింగారించుకోదు, అత్తరు పూసుకోదు. ఆమె దగ్గరికి ఆడవాళ్లు వెళ్లి కూర్చోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఈద్గా నుంచి మగవాళ్లు తిరిగొచ్చే వేళకు షీర్‌ఖుర్మా గిన్నెతో ఇద్దరు ఆమె దగ్గర ఉండాలి. ఇద్దత్ పూర్తయిన రోజును కూడా గుర్తుపెట్టుకోండి. ఆ రోజు బయటికి అడుగుపెట్టడం అనుకున్నంత తేలిక కాదు.

భార్య పోయిన మగవాళ్ల గురించి ఎవరూ రాయరు. వాళ్లను పేరంటాల్లో ఎవరూ తప్పించరు, బొట్టు ఎవరూ తుడవరు. "పునిస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు" అని వాళ్ల మొహం మీదే అంటారు. వినేవాడు ఏం చెప్పాలి? ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి పండగనాడు కూతురు పంపిన క్యారేజీ ముందు కూర్చుంటాడు. పండక్కి వచ్చిన కూతుళ్లూ కోడళ్లూ నాలుగు రోజులు వండిపెట్టి పోయేకన్నా, ఒక పూట ఆయన్ని పక్కన నిలబెట్టుకుని మూడు వంటలు నేర్పండి. కుక్కర్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో అరగ్లాసు. అరగ్లాసు కందిపప్పుకు గ్లాసున్నర నీళ్లు, నాలుగు విజిళ్లు. చారుకు నిమ్మకాయంత చింతపండు. డబ్బాల మీద పెద్దక్షరాలతో పేర్లు రాసి అంటించండి. స్నేహితులకు ఒక మాట. కనుమనాడు మందు పోయిస్తే బాధ మరిచిపోతాడనుకోవద్దు. ఇట్లాంటివాళ్లలో చాలామంది నిద్రమాత్రల మీద ఉంటారు, ఆ రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. మందు పోయించే బదులు సాయంత్రం మైపాడో కొత్తపట్నమో తీసుకెళ్లి సముద్రం దగ్గర గంటసేపు నడిపించండి.

ఆడవాళ్లయినా మగవాళ్లయినా పలకరించడానికి వెళ్లినప్పుడు పోయినవాళ్ల పేరెత్తకుండా జాగ్రత్తపడతాం. అది తప్పు. "ఎట్టుండావు వదినా? అన్న ఉంటే ఈపాటికి కనుమకు మేకపోతు బేరం తెగ్గొట్టి వచ్చేవాడు గదా" అనండి. ఆమె ఏడుస్తుంది, ఆ వెనకే నాలుగు మాటలు చెప్పి నవ్వుతుంది కూడా. "ధైర్యంగా ఉండాలి" అనే మాట మాత్రం మానండి, దానికి జవాబుండదు.

వెళ్లినవాళ్లు కళ్లతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బీపీ, షుగరు మాత్రల అట్ట చూడండి. ఎప్పుడు కొన్నారో అడిగి, ఇప్పటికి ఎన్ని అయిపోయి ఉండాలో లెక్కేసుకోండి. మాత్రలు మిగిలాయంటే వేసుకోవడం మానేశారన్నమాట. రెండు వారాలకు మించి సరిగా నిద్ర లేకపోయినా, జాకెట్టు వదులై ఉంగరం జారిపోయేంతగా చిక్కినా డాక్టరుకు చూపించాలి. "నేనూ ఆయన దగ్గరికే పోతా" అన్న మాట వినిపిస్తే దాటెయ్యకండి, చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. పొలం ఇళ్లల్లో పురుగుమందు డబ్బాలు, గుళికలు పండక్కి ముందే ఇంట్లోంచి బయటికి తరలించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం ఫోను టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఫోను చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు. ఆరు నెలలు దాటినా దుఃఖం మొదటి వారంలో ఉన్నట్టే ఉండి రోజువారీ పనులు కూడా చెయ్యనివ్వకపోతే దాన్ని వైద్యం చెయ్యాల్సిన స్థితిగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చారు. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

ఇంకో చిన్న మాట. బ్యాంకు కాగితాలు, పింఛను మార్పు, ఆయన పేరు మీదున్న ఫోను నంబరు రద్దు, ఇవన్నీ "ఎట్లాగూ సెలవులకు వచ్చాం గదా" అని పండగ వారంలోనే పెట్టుకుంటారు. మరణ నమోదుకు 21 రోజుల గడువుంది, దాన్ని దాటించొద్దు. మిగతావి వీలైనంతవరకు పండగ తర్వాతికి ఉంచండి. భోగి ముందు రోజు బ్యాంకు కౌంటరు దగ్గర నిలబెట్టి "మృతుని భార్య" అని రాసున్న చోట సంతకం పెట్టించడం అంత అవసరమా?

సంవత్సరీకం అయిపోయాక వచ్చే పండగ ఇంకా కష్టం. మొదటి ఏడు ఆచారం ఆ మనిషి చుట్టూ గోడలా నిలబడుతుంది. రెండో ఏడు ఆ గోడ ఉండదు, అందరూ మామూలైపోయిందనుకుంటారు, చేసుకోమంటారు. ఒక్కసారే అన్నీ మొదలుపెట్టించకండి. ఒక ముగ్గు, ఒక పొంగలి, అంతే. పూజకు కూర్చోవడం ఇష్టం లేని వాళ్లను నెల్లూరులో అయితే ఏటి పండగకు పెన్న ఇసుకలోకి తీసుకెళ్లండి. గొబ్బెమ్మలు నీళ్లలో కలిపేవాళ్లు కలుపుతుంటారు, ఓ పక్కన కూర్చుని కట్టుకెళ్లిన పులిహోర తినడానికి ముత్తైదువా కాదా అని అక్కడ ఎవరూ అడగరు.

ఈ ఉత్తరం వేస్తే భోగికి కనీసం రెండు వారాల ముందు వెయ్యమని కోరుతున్నాం. కనుమ రాత్రికి తీసుకున్న టికెట్లు మార్చుకోవడానికి పిల్లలకు ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఇట్లు,
అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లకు వెళ్లివచ్చే పనిలో ఉన్న కొందరం,
నెల్లూరు, ఒంగోలు